తేలిక తూటాకు తుపాకీ ఎందుకు మొరాయిస్తుంది?

"మామయ్యా, నువ్వు ముప్ఫై ఏళ్లు కాలువల మీద పనిచేశావు కదా, ఒక తుపాకీ సంగతి అడుగుతాను, నవ్వకు."

మా అక్క కొడుకు ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. వాళ్లకు శనివారం రాత్రి, మాకు విజయవాడలో ఆదివారం కాఫీ వేళ. వాడు ఫోన్ చేసేది ఆ పూటే. ఆఫీసు స్నేహితులతో కలిసి రేంజికి వెళ్లి, గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లలను కాల్చడం ఈమధ్య వాడికి పట్టుకున్న సరదా. అందుకని ఎవరో వాడి అమ్మిన సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఒకటి కొన్నాడు. తంటా అక్కడే వచ్చింది. బరువు తూటాలు వేస్తే ఒకదాని వెనక ఒకటి చక్కగా పేలుతున్నాయట. 24 గ్రాముల తేలిక తూటాలు వేస్తే రెండో మూడో పేలేసరికి తుపాకీ బిగుసుకుపోతోందట.

"అయితే బరువువే వేసుకోరాదూ?" అన్నాను.

"భుజం వాచిపోతోంది మామయ్యా. పైగా తేలికవి చవక. ఒలింపిక్స్‌లో కూడా కాల్చేది 24 గ్రాములే."

ఆ మాట నిజమే. మట్టి బిళ్లలు కాల్చే ట్రాప్, స్కీట్ అంతర్జాతీయ పోటీల్లో తూటాకు 24 గ్రాముల గుళ్లే నియమం. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ట్రాప్ జట్టుతో కలిసి స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం గెలిచిందీ ఆ నియమంలోనే. కాబట్టి తేలిక తూటా పనికిరాని తూటా కాదు. మరి లోపం ఎక్కడ?

హవల్దారు గారి తుపాకీకి లేని జబ్బు దీనికెందుకు?

మా వీధి చివర ఒక హవల్దారు గారున్నారు. సైన్యం నుంచి వచ్చేశాక ఒక బ్యాంకు గుమ్మంలో 12 బోర్ తుపాకీ పట్టుకుని చాలా ఏళ్లు నిలబడ్డారు. మా వాడి గోడు ఆయన చెవిన వేస్తే తేలిగ్గా కొట్టిపారేశారు. "మా తుపాకీకి ఆ రోగం లేదండీ. మధ్యకు మడిచి, రెండు గొట్టాల్లో రెండు తూటాలు పెట్టి మూసేయడమే. పేలాక మళ్లీ మడిచి ఖాళీవి లాగి పారేయడమే. తూటా చిన్నదో పెద్దదో దానికేం పట్టింది?"

జవాబు సగం ఆయన మాటలోనే ఉంది. ఆ తుపాకీలో పనంతా మనిషి చేతులదే. పంప్ తుపాకీలో కూడా ఎడమ చెయ్యి ముందుకీ వెనక్కీ లాగితేనే తూటా మారుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో అలా కాదు. ట్రిగ్గర్ నొక్కడం వరకే మన వంతు. ఆ తర్వాత రెప్పపాటులో తుపాకీ ఆరు పనులు చేసుకోవాలి. గొట్టానికి తలుపులా మూసి ఉన్న బోల్ట్ గడియ తియ్యాలి. ఖాళీ తూటాను అది కూర్చున్న గదిలోంచి లాగాలి. దాన్ని పక్క కిటికీలోంచి బయటికి విసరాలి. సుత్తిని మళ్లీ ఎక్కుపెట్టాలి. వెనకున్న స్ప్రింగును అణచాలి. ఆ స్ప్రింగు తిరిగి తోసినప్పుడు కొత్త తూటాను గదిలోకి నెట్టి మళ్లీ గడియ వేసుకోవాలి.

ఇన్ని పనులకు కూలి ఎవరిస్తారు? తుపాకీలో బ్యాటరీ లేదు, మోటారు లేదు. ఇప్పుడే పేలిన తూటాయే ఇవ్వాలి. గుళ్లను ముందుకు తోసేయగా మిగిలిన దాంట్లోంచి తుపాకీ తన కూలి తాను తీసుకుంటుంది. తూటా చిన్నదైతే మిగులు తగ్గుతుంది, కూలి చాలదు, పని మధ్యలో ఆగుతుంది. ట్రాప్ పోటీల్లో దాదాపు అందరి చేతుల్లోనూ కిందా పైనా రెండు గొట్టాలుండే మడత తుపాకులే కనిపించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వాటికి కూలి బాకీ లేదు.

మన దగ్గర ఈ ప్రశ్న పెద్దగా వినిపించకపోవడానికి కారణం వేరే. సెమీ ఆటోమేటిక్ తుపాకులు మన ఆయుధాల చట్టం కింద మామూలు లైసెన్సుకు అంత తేలిగ్గా వచ్చేవి కావు. అందుకే విజయవాడలో మనకు కనబడే తుపాకీ చాలావరకు బ్యాంకు గార్డు చేతిలోని గొట్టాల తుపాకీయే.

24 గ్రాములంటే నిజంగా అంత తక్కువా?

12 బోర్ అనే పేరు తూకం లెక్క నుంచి పుట్టింది. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందులో పట్టే తూటాలో గుళ్లు 24 గ్రాములుండొచ్చు, 28 ఉండొచ్చు, 32 ఉండొచ్చు, ఇంకా పైకీ పోవచ్చు. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి.

చిన్న లెక్క వేద్దాం. తుపాకీ బరువు 3.2 కిలోలు, గుళ్ల వేగం సెకనుకు 390 మీటర్లు అనుకుందాం. గుళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, 32 గ్రాముల తూటా తుపాకీని సెకనుకు 3.9 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. 24 గ్రాముల తూటా 2.9 మీటర్ల వేగంతో తంతుంది. ఇంతవరకు తేడా పావు వంతే. కాని స్ప్రింగును అణచేది శక్తి. శక్తి వేగాన్ని బట్టి కాదు, వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. 32 గ్రాములకు ఆ తన్నులో సుమారు 24 జౌళ్లుంటే 24 గ్రాములకు 14 జౌళ్లు కూడా లేవు. గుళ్లలో పావు వంతు తగ్గిస్తే శక్తిలో దాదాపు సగం పోయింది. మా వాడి భుజానికి హాయిగా ఉన్నది ఇందుకే. తన్నుతో నడిచే తుపాకీ ఆకలితో ఆగిపోయేదీ ఇందుకే.

తుపాకీ తన కూలి ఎలా తీసుకుంటుంది?

మూడు పద్ధతులున్నాయి.

అన్నిటికన్నా పాతదాంట్లో గొట్టం, బోల్ట్ కలిసి వెనక్కి జరుగుతాయి. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ దీన్ని తయారుచేసి 1900లో పేటెంట్ పొందాడు. ముందు విన్‌చెస్టర్ కంపెనీకి చూపించి, అమ్మిన ప్రతి తుపాకీకీ రాయల్టీ అడిగితే వాళ్లు ఒప్పుకోలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ అధిపతిని కలవడానికి వెళ్లి కూర్చుంటే ఆయన గుండె ఆగి చనిపోయాడని కబురొచ్చింది. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం పోయి, ఎఫ్‌ఎన్ కంపెనీ చేత చేయించాడు. అదే ఆటో 5. మన ప్రశ్న ఆ రోజుల్లోనే ఉంది, జవాబూ ఉంది. గొట్టం వెనక్కి జరిగే దారిలో ఒక రాపిడి రింగు ఉంటుంది. బరువు తూటాలు కాల్చేటప్పుడు దాన్ని స్ప్రింగుకు ముందు పెడితే బ్రేకులా పట్టి ఆపుతుంది. తేలిక తూటాలకు దాన్ని స్ప్రింగు వెనక్కి మార్చేస్తే బ్రేకు వదులవుతుంది. ఏ తూటా వేస్తున్నావో యజమానే చూసుకుని రింగు మార్చుకోవాలి.

రెండోది గ్యాస్ పద్ధతి. గొట్టం అడుగున ఒకటో రెండో సన్నని రంధ్రాలుంటాయి. గుళ్లు వాటిని దాటి ముందుకు పోతుండగా, వెనక తోసుకొస్తున్న గ్యాసులో కొంచెం ఆ రంధ్రాల్లోంచి కిందికి దిగి, ఒక పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ బోల్ట్‌ను తోస్తుంది. గుళ్లు గొట్టం దాటగానే ఒత్తిడి పడిపోతుంది. రంధ్రానికి దొరికేది సెకనులో వెయ్యో వంతు, రెండు వంతుల పాటి అవకాశమే. మా వాడిది ఈ రకం.

మూడోది జడత్వం పద్ధతి. 1967లో ఇటలీలోని ఉర్బినోలో మొదలైన బెనెల్లి కంపెనీ దీనికి పేరు తెచ్చింది. పండిట్ నెహ్రూ బస్టాండులో సిటీ బస్సు ఒక్కసారి ముందుకు దూకితే, పట్టుకోకుండా నిలబడ్డవాడు ఉన్నచోటే ఉండిపోయి వెనక్కి తూలతాడు కదా. ఇక్కడ తుపాకీ బస్సు, లోపలున్న బరువైన బోల్ట్ ఆ మనిషి. తుపాకీ మొత్తం వెనక్కి తన్నుకుంటుంది, బోల్ట్ ఉన్నచోటే ఆగుతుంది. మధ్యలో ఉన్న పొట్టి బిరుసు స్ప్రింగు నలిగి, తర్వాత విడిపోతూ బోల్ట్‌ను వెనక్కి విసురుతుంది. గ్యాస్ రంధ్రం లేదు, మసి తక్కువ. కాని తుపాకీ గట్టిగా కదిలితేనే ఇది పనిచేస్తుంది. టార్చీ, అదనపు తూటాల పట్టీ లాంటివి తగిలించి తుపాకీ బరువు పెంచినా, దాన్ని కదలని గోడకో బల్లకో ఆనించి కాల్చినా తన్ను మందగించి తేలిక తూటాకు మొరాయిస్తుంది.

ఏ తూటాకైనా సరిపోయేలా ముందే చేయొచ్చుగా?

ఈ ప్రశ్న వినగానే నాకు బ్యారేజీ గుర్తొచ్చింది. కృష్ణకు అడ్డంగా 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 70 గేట్లు. ఎడమ పక్క నుంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ నీరు పట్టుకెళ్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, రికార్డు. నది అంత వచ్చిందని కాలువల్లోకి అంత వదలరు, వదిలితే గట్లు తెగుతాయి. కాలువకు కావలసిందే కాలువకు, మిగతాదంతా గేట్లెత్తి సముద్రానికి. ఎండాకాలం కథ వేరు. నీటిమట్టం దిగిపోతే తూములు తెరిచే ఉన్నా నాగాయలంక, కోడూరు వైపు శివారు భూములకు చుక్క అందదు.

గ్యాస్ తుపాకీ చేసేవాడి ఇబ్బందీ అదే. గొట్టానికి పెట్టే రంధ్రం వరదను చూసి పెట్టాలా, ఎండాకాలాన్ని చూసి పెట్టాలా? చిన్నగా పెడితే బరువు తూటాకు క్షేమం, తేలిక తూటాకు పస్తు. పెద్దగా పెడితే తేలిక తూటా తిరుగుతుంది గాని, బరువు తూటా వేసినప్పుడు బోల్ట్ వెనక్కి వచ్చి లోహాన్ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100లో ఈ తేడా కంటికే కనిపిస్తుంది. 70 మిల్లీమీటర్ల మామూలు తూటాలకు చేసిన గొట్టానికీ, 76 మిల్లీమీటర్ల మాగ్నమ్ తూటాలకు చేసిన గొట్టానికీ రంధ్రాలు వేర్వేరు. మాగ్నమ్ గొట్టం తగిలించి తేలిక తూటా తిరగలేదంటే అది తుపాకీ తప్పు కాదు.

తర్వాత అంతరం ఇంకా పెరిగింది. నీటి పక్షుల వేటలో సీసపు గుళ్లను అమెరికా 1991 నాటికి దేశమంతటా నిషేధించింది. సీసం బదులు ఉక్కు గుళ్లు వచ్చాయి. ఉక్కు తేలిక కాబట్టి అంతే పని జరగడానికి ఇంకా పొడుగు తూటా కావలసి వచ్చింది. 89 మిల్లీమీటర్ల 12 బోర్ తూటా 1988లోనే వచ్చేసింది. బాతుల కోసం అంత పెద్ద తూటాను భరించే తుపాకీయే ఆదివారం 24 గ్రాములతో బిళ్లలు కూడా కొట్టాలి. మనకా చిక్కు లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించడం రెండూ కలిసి ఆ వేట ముచ్చటకు తెరదించాయి. ఇప్పుడు ఆటపాకలో గూడబాతులను చూడాలంటే బైనాక్యులర్ చాలు.

ఈ అంతరాన్ని పూడ్చడానికి కొత్త తుపాకుల్లో రకరకాల ఉపాయాలు చేశారు. కొన్నిట్లో స్ప్రింగు మూత ఒకటి ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైతే అదే తెరుచుకుని మిగులు గ్యాసును బయటికి వదిలేస్తుంది. అచ్చంగా బ్యారేజీ గేటు. దానివల్ల రంధ్రాన్ని ఎండాకాలానికి సరిపడా పెద్దగా పెట్టగలిగారు. 2010లో వచ్చిన రెమింగ్టన్ వెర్సా మ్యాక్స్‌లో ఇంకో చమత్కారం ఉంది. తూటా కూర్చునే గదిలోనే ఏడు రంధ్రాలు పెట్టారు. పొట్టి తూటా వేస్తే ఏడూ తెరిచే ఉంటాయి. పొడుగు తూటా వేస్తే దాని ఒళ్లే కొన్నిటిని కప్పేస్తుంది. 76 మిల్లీమీటర్లకు నాలుగు, 89కి మూడు మిగులుతాయి. తన తూముకు తానే షట్టరు దించుకునే తూటా అన్నమాట.

ఇంకో సూక్ష్మం. తేలిక తూటాల్లో మందు సాధారణంగా త్వరగా మండేది వాడతారు. ఒత్తిడి మొదట్లోనే ఒక్కసారి లేచి, గుళ్లు రంధ్రం దాటే వేళకు చాలా దిగిపోతుంది. బరువు తూటాల్లో నిదానంగా మండే మందు రంధ్రం దగ్గర కూడా తోస్తూనే ఉంటుంది. బ్యారేజీ దగ్గర మట్టం ఎంతుందన్నది శివారు రైతుకు అక్కర్లేదు, తన తూము దగ్గర ఎంతుందన్నదే లెక్క.

ఎక్కడ ఆగిందో చూస్తే ఏం తెలుస్తుంది?

"జామ్ అయింది" అంటే సరిపోదు. ఏ పని దగ్గర ఆగిందో చెప్పాలి. అదే రోగ నిర్ధారణ.

ఖాళీ తూటా గదిలోంచి బయటికే రాలేదంటే రెండు అనుమానాలు. శక్తి మరీ తక్కువైనా కావాలి, ఖాళీ తూటా గదిలో అతుక్కుపోయినా కావాలి. దాన్ని చేత్తో లాగితే తేలిగ్గా వస్తే శక్తి లోపం. బిగువుగా వస్తే గది తుప్పు పట్టిందో మురికి పట్టిందో. చవక తూటాల అడుగు ఇత్తడిది కాకుండా ఉక్కుది కావడం కూడా కారణమే. పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి మళ్లీ బాగా ముడుచుకుంటుంది, ఉక్కు అంత ముడుచుకోదు.

ఖాళీ తూటా కిటికీలో నిలువునా ఇరుక్కుంటే, బోల్ట్ వెనక్కి వచ్చింది గాని ఊపు లేదు. ఖాళీది బయటపడి, కొత్తది ఎక్కకుండానే బోల్ట్ మూసుకుంటే, అది పూర్తి దూరం వెనక్కి పోలేదు, లేదా కొత్త తూటా సమయానికి పైకి రాలేదు. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. ఒక్క తూటానే పెట్టి కాల్చాలి. చివరి తూటా తర్వాత బోల్ట్ తెరుచుకుని ఆగే రకం తుపాకీ అయితే, అది తెరుచుకుని ఆగిందా చూడాలి. ఆగితే శక్తి సరిపోతోంది, తప్పు మ్యాగజైన్ గొట్టం స్ప్రింగు వైపు. ఆగకపోతే శక్తి చాలడం లేదు.

ఇక కొత్తది గదిలోకి వెళ్లి, బోల్ట్ చివరి వెంట్రుకవాసి మూసుకోకపోతే, తప్పు వెళ్లే దారిలో కాదు, తిరిగొచ్చే దారిలో. స్ప్రింగు నీరసించింది, లేదా గదిలో చెత్త ఉంది, లేదా యజమాని బోల్ట్‌ను చేత్తో మెల్లగా దింపాడు. దాన్ని వదిలేయాలి, బుజ్జగించకూడదు.

బాగుచేయడం ఏ వరుసలో?

అన్నిటికన్నా ముందు ఒక మాట. బిగుసుకున్నా, పేలకపోయినా గొట్టం మొన బిళ్లల వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీదుండకూడదు. పేలకపోతే అలాగే పట్టుకుని అర నిమిషం ఆగాలి. ఎప్పుడైనా "ఢాం" బదులు "తుస్" అని చిన్న చప్పుడు వస్తే రెండోది కాల్చనే కూడదు. ఖాళీ చేసి గొట్టం లోపల చూడాలి. తూటాలోని ప్లాస్టిక్ కప్పు గొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేలితే గొట్టం చీలుతుంది. తేలిక తూటాల విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఇక వరుస. మా వాడికి వీడియోలో చేయించినట్టే చెబుతాను.

మొదట తూటా పెట్టె చదవమన్నాను. చాలామంది గ్రాములు చూసి వేగం చూడరు. ఒకే 24 గ్రాములు నెమ్మది రకమూ ఉంటాయి, వేగం రకమూ ఉంటాయి. అమెరికా పెట్టెల మీద "డ్రామ్" అని ఒక అంకె కనిపిస్తుంది. నల్ల మందు కాలం నాటి కొలత అది, అదే గుళ్ల బరువుకు ఆ అంకె పెద్దదైతే వేగం ఎక్కువని గుర్తు. వాడు కొన్నది అన్నిటికన్నా చవకది, నెమ్మదైనది, ఉక్కు అడుగుది. మూడు దోషాలూ ఒకే పెట్టెలో.

రెండోది పూడికతీత. రేంజిలోనే తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసి, ఇంట్లో తూటాలు వేరే గదిలో పెట్టించి, బల్ల మీద తెల్ల కాగితం పరిచి విడదీయమన్నాను. పిస్టన్ తీసి గోరుతో గీకితే నల్లటి పెచ్చు ఊడింది. పాత యజమాని బాతుల వేటగాడట. బరువు తూటాలకు ఆ మురికి అడ్డు కాలేదు కాబట్టి ఆయనకు కడగాల్సిన అవసరమే రాలేదు. గొట్టం అడుగున రెండు రంధ్రాలు. టార్చి పెట్టి చూపించమంటే ఒకటి సగం మూసుకుని ఉంది, రెండోదాంట్లోంచి వెలుగు సూది మొనంత. ఏళ్ల తరబడి గుర్రపుడెక్క తియ్యని పంట కాలువ సరిగ్గా అలాగే ఉంటుంది. తూము మీద మీటర్ల మట్టం, కింద చెయ్యి తడవదు.

"ఇనుప సూది పెట్టనా?" అన్నాడు.

"వద్దు. రంధ్రం కొలత మారితే తుపాకీ మారినట్టే. మసి కరిగే ద్రావకం పోసి రాత్రంతా నాననీ. ఇంట్లో కొబ్బరి చీపురుందా?"

ఉంది. ఇండియన్ స్టోరులో కొన్నదట. మన పొలాల్లో స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతే రైతు చేసే పనే అది: ఒక ఈనె విరిచి, మొన చెక్కి, మెల్లగా తిప్పుతూ పొడవడం. ఈనె లోహాన్ని గీరదు. మర్నాడు ఆ ఈనె మొన బొగ్గులా నల్లబడి వచ్చింది, రంధ్రాలు గుండ్రంగా కనిపించాయి.

మూడోది నూనె. మురికికి మందు నూనె కాదు, ఎక్కువ నూనె మురికికి మేత. పిస్టన్ నడిచే గొట్టం మీద చాలా తుపాకుల్లో పొడిగానో, గుడ్డతో తుడిచిన పొరగానో ఉంటే చాలు. బోల్ట్ జారే పట్టాల మీద చుక్క. చలికాలంలో చిక్కని నూనె ఇంకా చిక్కబడి తేలిక తూటా ఇచ్చే కాస్త కూలినీ తినేస్తుంది. ఈ విషయంలో తుపాకీతో వచ్చిన పుస్తకం చెప్పిందే మాట.

నాలుగోది మరిచిపోయే చోటు. కొన్ని తుపాకుల్లో తిరుగు స్ప్రింగు వెనక కర్ర పిడిలోని గొట్టంలో దాక్కుని ఉంటుంది. తుడిచేవాడు ముందంతా తుడిచి దాన్ని వదిలేస్తాడు. వానలో తడిసిన తుపాకీలో అక్కడే తుప్పు పడుతుంది.

ఐదోది అరిగిన ముక్కలు. మా వాడి తుపాకీలో గ్యాసు పక్కకు పోకుండా ఆపే రబ్బరు రింగు ఒకటుంది. వేళ్ల మధ్య సాగదీస్తే ఒకచోట వెంట్రుకలాంటి పగులు నోరు తెరిచింది. బ్యారేజీ గేట్ల అంచున కూడా రబ్బరు సీళ్లే ఉంటాయి. ఒకటి చిరిగితే గేటు మూసే ఉంటుంది, నీరు పోతూనే ఉంటుంది. రింగు ఖరీదు కొద్దిపాటి డబ్బే. కొత్తది తెప్పించి, ముక్కలన్నీ పుస్తకంలో బొమ్మ చూపించిన వరుసలోనే ఎక్కించమన్నాను. వరుస తిరగబడినా తేలిక తూటాకే ముందు తెలుస్తుంది.

తుపాకీ సరికొత్తదైతే ఇంకో కారణం ఉంటుంది. కొత్త లోహం రాపిడి ఎక్కువ. ముందు కొన్ని పెట్టెలు బరువు తూటాలు కాల్చి, భాగాలు ఒకదానికొకటి అలవాటు పడ్డాక తేలికవి వెయ్యమని చాలా తయారీదారులు పుస్తకంలోనే రాస్తారు.

అన్నిటికీ కలిపి ఒక నియమం పెట్టాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కడగడం, రింగు, తూటా మూడూ ఒకేసారి మారిస్తే తుపాకీ బాగుపడొచ్చు గాని రోగమేదో తెలియదు. మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

రంధ్రాన్నే కొంచెం పెద్దది చేస్తే?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. డ్రిల్లు ఉంది, రంధ్రం ఉంది, చెయ్యి దురద పెడుతుంది. స్ప్రింగును రెండు చుట్లు కత్తిరిస్తే తేలిగ్గా వెనక్కి పోతుంది కదా అనీ అనిపిస్తుంది.

శివారుకు నీరందడం లేదని ఎగువన గట్టుకు గండి కొట్టినవాళ్లను నా ఉద్యోగంలో చూశాను. ఆ రాత్రి వాళ్ల చేను తడుస్తుంది. తర్వాత వచ్చే వరదకు గండి వెడల్పై ఊరి మీద పడుతుంది. పెద్దది చేసిన రంధ్రాన్ని మళ్లీ చిన్నది చెయ్యలేం. ఎప్పుడో ఎవరో ఆ తుపాకీలో బరువు తూటా పెడితే బోల్ట్ దెబ్బకు లోపలి భాగాలు పగులుతాయి. కత్తిరించిన స్ప్రింగు వెనక్కి పోవడానికి దారిస్తుంది గాని, తిరిగొచ్చి మూసుకునే బలం పోగొట్టుకుంటుంది. తేలిక తూటాల కోసమే తయారీదారులు అమ్మే పిస్టన్లు, స్ప్రింగులు, గొట్టాలు కొన్ని తుపాకులకు దొరుకుతాయి. అవి మార్చుకోవచ్చు, అక్కర్లేనప్పుడు పాతవి తిరిగి పెట్టుకోవచ్చు. అంతకు మించిన పని లైసెన్సున్న గన్‌స్మిత్‌ది.

చివరికి తిరిగిందా?

కడిగిన వారం ఆగడం బాగా తగ్గింది. రింగు మార్చిన వారం ఎప్పుడో ఒకసారి ఆగింది. మూడో వారం అదే 24 గ్రాముల్లో వేగం రకం, ఇత్తడి అడుగుది కొన్నాడు. ఆ శనివారం పెట్టెలోని 25 తూటాలూ ఆగకుండా పేలాయి. తర్వాత ఆ పాత చవక పెట్టెలో మిగిలినవి కూడా వేశాడట, వాటిల్లో ఒకటి ఇరుక్కుందట. అంటే తూటా తప్పూ ఉంది, తుపాకీ తప్పూ ఉంది, పెద్ద వాటా మాత్రం మురికిదే. వరుసగా మార్చాడు కాబట్టి ఆ వాటాలు ఇప్పుడు వాడికి తెలుసు.

హవల్దారు గారికి చెబితే ఆయన మళ్లీ అదే అన్నారు, మా తుపాకీకి ఆ బాధే లేదని. నిజమే, బాధ లేదు, ఆయన చేతులే పనంతా చేశాయి. పని తానే చేసుకునే యంత్రం మాత్రం తనకొచ్చే కూలి మీద బతకాలి. వరదలో అది ఎంత దుబారా చేసినా బయటపడదు. నీరు తగ్గినప్పుడే ఎక్కడ పూడిక ఉందో, ఏ సీలు కారుతోందో శివారు రైతు వచ్చి చెబుతాడు. తేలిక తూటా ఆ రైతు లాంటిది. రైతు ఫిర్యాదు విని నీరు పెంచమని ఎగువకు ఉత్తరం రాయడానికి ముందు, కాలువ గట్టు వెంట ఒకసారి నడిచి రావడం మా ఆఫీసులో అలవాటు.

నిన్న మా వాడు ఫోటో పంపాడు. వంటగది గోడకు కొబ్బరి చీపురు వేలాడుతోంది, పక్కన మేకుకు ఒక నల్లటి ఈనె విడిగా. "ఇది ఊడవడానికి కాదని మా ఆవిడకు చెప్పాను" అని రాశాడు.